జకరయ్య గారి అమెరికా దీపాలు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో, కళ్లద్దాల దుకాణం పై అంతస్తులో డిటెక్టివ్ చంద్రమౌళి ఆఫీసు. మంగళవారం ఉదయం పదింటికి ఆ మెట్లెక్కి వచ్చిన యువతి కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని గుడ్డసంచిని బల్ల మీద పెట్టింది. లోపల గాజుపెంకులు గలగలమన్నాయి.

"మా నాయనను చంపినారు సార్. పోలీసులు ప్రమాదమని రాసుకొని పోయినారు. ఇది ఆయన ఒళ్లో పగిలిన దీపం. ఊడ్చి పారబోయమంటే నేను దాచిపెట్టినాను."

చంద్రమౌళి సంచి వైపు చూడలేదు. ఆమె వైపే చూశాడు. "మీ పేరు?"

"అబిగయీలు. ఇక్కడే నెల్లూరులో టీచర్ని. మా ఇల్లు కోవూరు."

పక్క బల్ల దగ్గర వినీల నోటుపుస్తకం తెరిచింది. ఆమె రెండేళ్లుగా చంద్రమౌళికి అసిస్టెంటు. వేలిముద్రల విభాగంలో ఇరవయ్యేళ్లు పనిచేసి బయటికొచ్చిన ఈ మనిషి బుర్రలాంటి బుర్ర జిల్లాలో మరొకటి లేదని ఆమె నమ్మకం. ఆయనకు జాలి తక్కువన్న సంగతీ తెలుసు. అదీ తెలివిలో భాగమేననుకునేది.

అబిగయీలు తండ్రి జకరయ్య రిటైరైన హైస్కూలు మాస్టారు. నూరేళ్ల కిందట అమెరికా నుంచి వచ్చిన మిషనరీ దొరలూ దొరసానులూ వెళ్లిపోతూ ఈ ప్రాంతపు క్రైస్తవుల ఇళ్లలో వదిలిన కిరసనాయిలు దీపాలను ఆయన ఊరూరా తిరిగి సేకరించాడు. కరిగిన గాజును ఇనప అచ్చులో పోసి అదిమి చేసినవి. పువ్వులూ చుక్కలూ ఆకులూ గాజులోనే ఉబికి ఉంటాయి. అలాంటివి యాభైరెండు. మూడేళ్ల కిందట చక్కెర జబ్బుతో ఆయన చూపు పోయింది. అయినా రోజూ సాయంత్రం ఒక దీపం వెలిగించమని, దాన్ని రెండు చేతులా పట్టుకుని, మొహానికి వేడి తగిలేలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"శనివారం సాయంత్రం ఆరున్నరకు దీపం పగిలి ఒళ్లంతా అంటుకుంది. అమ్మ పెరట్లో గుడ్డలు ఉతుకుతా ఉండిందంట. వచ్చేసరికి అయిపోయింది." అబిగయీలు గుడ్డసంచిని ఆయన ముందుకు జరిపింది. "ఆదివారం సమాధి చేసి ఇంటికొచ్చి చూస్తే అరలో దీపాలు తక్కువగా కనిపించినాయి. పగిలింది కాక నలభైరెండే ఉండాయి. తొమ్మిది మాయం."

"ఎవరిమీద అనుమానం?"

"సుశీల్ కుమార్ గారు. సూళ్లూరుపేటలో ఉంటారు, ఆయనకూ దీపాల పిచ్చే. ఇచ్చేయమని ఏళ్ల తరబడి నాయన వెంటపడినారు. శనివారం మధ్యాహ్నం కూడా వచ్చినారు."

"మీ నాన్నగారితో మీరు చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"ఆ రోజే ఫోన్లో. అయిదున్నరకు. మాట్లాడతా మాట్లాడతా కాఫీ కోసం గంట కొట్టినారు. నాకు వినిపించింది." అప్పటిదాకా ఆపుకున్నది ఆగలేదు. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

చంద్రమౌళి ఆమె ఏడుపు అయ్యేదాకా ఊరుకుని, సంచి విప్పాడు.

మధ్యాహ్నానికి ముగ్గురూ పెన్న వంతెన దాటి కోవూరు చేరారు. దీపాల గది ఇంటి ముందు భాగంలో ఉంది. రెండు గోడల నిండా అద్దాల అరలు. కాషాయం, నీలం, ఎక్కువగా తెలుపు. మధ్యలో కాలిన చెక్క కుర్చీ, పక్కన బల్ల. బల్ల పైభాగమంతా మసిబారి, కుర్చీ వైపు అంచు బొగ్గయింది.

జకరయ్య భార్య కరుణాకుమారి గుమ్మంలో నిలబడింది. అరవై ఏళ్ల సన్నటి మనిషి.

"దీపాలు తుడిచేదెవరమ్మా?" అన్నాడు చంద్రమౌళి.

"నేనే. ముప్పై ఆరేళ్లుగా."

"శనివారం ఏ దీపం వెలిగించారు?"

"చుక్కల దీపం. ఆయన అడిగింది అదే."

"మీరు పెరట్లో ఉండగా ఆయన అరవలేదా?"

"బోరింగు చప్పుడు. వినపడలేదు."

అబిగయీలు కల్పించుకుంది. "అది మా ఇంటి మొదటి దీపం సార్. అమ్మ వాళ్ల అవ్వ రెజీనమ్మ చావిడి చావిడికీ తిరిగి బైబిలు చదివి వినిపించేది. ఆమెకు ఒక అమెరికా డాక్టరమ్మ ఇచ్చిన దీపం. దాన్ని చూసినాకనే నాయనకు ఈ పిచ్చి పట్టిందంట."

చంద్రమౌళి జేబులోంచి దొంగనోట్లు పట్టే నీలం టార్చి తీశాడు. కిటికీ తలుపులు మూయించి అరల మీద వెలుగు వేశాడు. తెల్ల గాజు దీపాలు ఒక్కొక్కటే లేతాకుపచ్చగా మెరిశాయి. వినీల దగ్గరికి జరిగి చూసింది.

"ఆ రోజుల్లో గాజు తెల్లగా రావాలని మాంగనీసు కలిపేవాళ్లు. దానికి ఈ వెలుగు తగిలితే ఇట్లా మెరుస్తుంది," అంటూ ఆయన సంచిలోని పెంకులను నేలమీద పోసి టార్చి వేశాడు. అవి మెరవలేదు. చచ్చినట్టు పడి ఉన్నాయి.

"అంటే?" అంది అబిగయీలు.

"అంటే అని నేను అడగాలి. మీ నాన్నగారు దీపాలను తాకి గుర్తుపట్టేవారా?"

"వేలితో గీతలు తడిమి ఏ దీపమో చెప్పేవారు సార్. వచ్చినవాళ్లంతా ఆశ్చర్యపోయేవాళ్లు."

"ఎడమ నుంచి లెక్క," అంది కరుణాకుమారి నెమ్మదిగా. కూతురు ఆమెవైపు విసురుగా చూసింది. 

బల్ల సొరుగు లాగితే అందులో నల్లదారానికి గుచ్చిన ఇత్తడి కట్లు దొరికాయి. దీపం మెడకు బిగించే గుండ్రటి కట్లు. చంద్రమౌళి లెక్కపెట్టాడు. తొమ్మిది. వాటిని అలాగే పెట్టి సొరుగు మూశాడు. తర్వాత గదంతా కలియజూసి, అర నెత్తిమీద ఉన్న ఇత్తడి చేతిగంటను అందుకున్నాడు. అద్దంలా తళతళలాడుతోంది.

"ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?"

"ఆయన కుడిచేతి కింద, బల్లమీద ఉంటుంది," అంది అబిగయీలు. "అది లేకపోతే గొడవ చేసేవారు."

పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో మట్టి కొత్తగా తవ్వినట్టుంది. పుల్లతో కదిపితే రంగురంగుల గాజుపెంకులు బయటపడ్డాయి. అక్కడ నీడలో టార్చి వేస్తే తెల్లవి లేతాకుపచ్చగా మెరిశాయి. చంద్రమౌళి వాటిమీద మళ్లీ మట్టి కప్పాడు.

దీపాలు బాగుచేసే క్రీస్తురాజు పక్క వీధిలోనే ఉన్నాడు. యాభై ఏళ్లవాడు, చేతులనిండా సున్నం.

"శనివారం పొద్దున పోయినా సార్, రెండు బర్నర్లు బిగించి పన్నెండుకు వచ్చేసినా. ఇత్తడి కట్టును గాజు మెడకు ప్లాస్టరుతోనే అతికిస్తాం. నూనెకు కరగదు, వేడికి జారదు."

"మైనంతో అతికిస్తే?"

క్రీస్తురాజు నవ్వాడు. "ఎవడు సార్ మైనంతో అతికించేది? పావుగంట వెలిగితే కరిగిపోతుంది. బర్నరు, చిమ్నీ అన్నీ మంటతోసహా పక్కకు ఒరిగి..." నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"జకరయ్య గారి వేళ్లు ఎట్లా ఉండేవి?"

అతను చేతుల సున్నం దులుపుకున్నాడు. "మొద్దుబారిపోయినాయి సార్. చక్కెర జబ్బు. మొన్నామధ్య కాలే చిమ్నీని పట్టుకొని నాతో మాట్లాడతానే ఉన్నాడు. చర్మం కాలే వాసన నాకొచ్చింది, ఆయనకు తెలియలేదు. ఎవరికన్నా చెప్తే గడప తొక్కనియ్యనన్నాడు. అమ్మగారు కాలిన వేళ్లకు గుడ్డకట్లు కట్టేది."

కబురందుకుని సుశీల్ కుమార్ సాయంత్రం రైలుకు సూళ్లూరుపేట నుంచి కోవూరు వచ్చాడు. రిటైరైన ఇంజనీరు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. ప్రశ్నలకు దాపరికం లేకుండా జవాబిచ్చాడు.

"అవును, దీపాలకోసం ఆయన కాళ్లు పట్టుకున్నాను. శనివారం కూడా అడిగినాను. నవ్వి పొమ్మన్నాడు. నాలుగింటికి బయలుదేరి స్టేషన్‌కు పోయి అయిదింటి రైలెక్కినాను."

"చుక్కల దీపం సంగతి చెప్పండి."

"అదా? అరలో అన్నిటికన్నా మామూలుది సార్. అమెరికాలో అప్పట్లో ప్రతి వంటింట్లోనూ ఉండేది. అడుగున అంచు కూడా చిట్లింది. ఊరికే ఇచ్చినా తీసుకోను. దాని నకళ్లు ఈ మధ్య కూడా చేస్తున్నారు. ఒకటి నేనే ఆయన పుట్టినరోజుకు తెచ్చిచ్చినాను." అతని మొహం ఎర్రబడింది. "పదిమంది ముందర, దొంగదీపానికి దొంగ స్నేహితుడని నవ్వి, దాన్ని సామాన్ల గదిలో పారేయించినాడు."

సామాన్ల గదిలో మందంగా దుమ్ము పేరుకుని ఉంది. ఒక చెక్కపెట్టె మీద మాత్రం గుండ్రటి మచ్చ తేటగా కనిపించింది. అక్కడ చాలాకాలంగా ఉన్న వస్తువునేదో ఈమధ్యే ఎవరో తీశారు.

తిరుగు ప్రయాణంలో వినీల కొంచెం తటపటాయించి అంది. "సార్, చిన్న విషయం. మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్లినప్పుడు చూశాను. బియ్యం డబ్బా మూతదాకా నిండుగా ఉంది. పక్కనే కిలో బియ్యం ప్యాకెట్ కత్తిరించి ఉంది. డబ్బా నిండా బియ్యం పెట్టుకుని కోవూరులో ఎవరైనా కిలో ప్యాకెట్ కొంటారా?"

చంద్రమౌళి కారు నెమ్మది చేసి ఆమెవైపు తిరిగి చూశాడు. "అది రాసుకో," అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఆమె వినలేదు. ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయింది.

బుధవారం ఉదయం పదింటికి అందరూ దీపాల గదిలో చేరారు. కాలిన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కరుణాకుమారి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. సుశీల్ కుమార్, క్రీస్తురాజు కిటికీ దగ్గర నిలబడ్డారు. అబిగయీలు తండ్రి బల్ల పక్కన.

"ఇది ప్రమాదం కాదు," అని మొదలుపెట్టాడు చంద్రమౌళి. "పగిలిన దీపం తాలూకు ఇత్తడి కట్టు ఇదిగో. లోపల ప్లాస్టరు లేదు. కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తి మైనం ఉంది. ఒళ్లో పెట్టుకున్న పావుగంటకు మైనం కరిగింది, మంట ఒరిగింది, కిరసనాయిలు ఆయన మీద ఒలికింది. పగిలిన దీపం కూడా అసలుది కాదు. సామాన్ల గదిలోని నకలు."

సుశీల్ కుమార్ ఉలిక్కిపడ్డాడు. "సార్, అది నేనిచ్చింది నిజమే గానీ..."

"ఆగండి. హంతకుడు మనిషిని కాల్చడానికి సిద్ధపడ్డాడు గానీ దీపాన్ని కాల్చడానికి మనసొప్పలేదు. ఎవరికి ఒప్పదు? దీపాల పిచ్చి ఉన్న మీకు. మొదట నేనూ అదే అనుకున్నాను. కానీ ఊరికే ఇచ్చినా మీరు తీసుకోని దీపం కోసం మీరు ఆ తిప్పలు పడరు. క్రీస్తురాజుకైతే అన్ని దీపాలూ ఒక్కటే. ఆ మామూలు దీపం, అంచు చిట్లిన దీపం, ఒక్కరికే ముఖ్యం."

చంద్రమౌళి అర మీది చేతిగంటను అందుకున్నాడు.

"ఇంకొకటి, గంట. అయిదున్నరకు జకరయ్య గారు దాన్ని మోగించారు. కూతురు విన్నది. అంటే అప్పుడది బల్లమీదే ఉంది. ఆరున్నరకు ఆ బల్ల మాడింది. గంటకు మసి మచ్చ కూడా లేదు. ఆ గంటసేపట్లో ఎవరో దాన్ని తీసి గుడ్డివాడి చెయ్యి అందని చోట పెట్టారు. అప్పటికి సుశీల్ కుమార్ రైల్లో ఉన్నారు, క్రీస్తురాజు మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. ఇంట్లో ఉన్నది ఒక్కరే."

అబిగయీలు తల్లివైపు చూడలేదు. చంద్రమౌళినే చూస్తూ, "అబద్ధం," అంది. "నాయన తాకి తెలుసుకుంటారు. నకలును పట్టేస్తారు."

"ఆయన వేళ్లు చచ్చిపోయి చాలాకాలమైందమ్మా. మీ దగ్గర దాచారు. అరలో ఎడమ నుంచి లెక్కపెట్టి చెప్పేవారు. కాలిన వేళ్లకు కట్లు కట్టిన మనిషికి అది తెలుసు." ఆయన వినీలకు సైగ చేశాడు.

వినీల వంటింట్లోకి, ఎవరూ కదపకుండా ఉంచిన ఆ నిండు బియ్యం డబ్బా దగ్గరికి వెళ్లింది. బియ్యంలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి, తెల్ల చీరముక్కలో చుట్టిన దాన్ని తీసుకొచ్చింది. గుడ్డ విప్పితే చుక్కల దీపం. అంచు చిట్లింది. టార్చి వేయగానే లేతాకుపచ్చగా మెరిసింది.

కరుణాకుమారి దానివైపు చూస్తూ ఉంది. మొహంలో భయం లేదు.

"తొమ్మిది దీపాలు?" అన్నాడు క్రీస్తురాజు గొణుగుతున్నట్టు.

చంద్రమౌళి సొరుగు తెరిచి దారానికి గుచ్చిన కట్లు బల్లమీద పెట్టాడు. "దొంగ తాను ఎత్తుకుపోయిన దీపాల కట్లు తెచ్చి యజమాని సొరుగులో పెట్టడు. అవి పగిలి కొబ్బరిచెట్టు కింద ఉన్నాయి. ఎందుకు పగిలాయో మీరే చెప్పండమ్మా."

కరుణాకుమారి చీర కుచ్చెళ్లు సర్దుకుంది. మాట తడబడలేదు.

"వేళ్లు కూడా పోయినాక ఆయన ఒక మాటన్నాడు. నేను చూడలేనిది, తాకలేనిది ఇంకెవరూ చూడకూడదన్నాడు. వారానికి ఒకటి. రేపు పగలగొట్టేదాన్ని శనివారం వెలిగించి ఇయ్యాల. ఆదివారం గుడినుంచి రాగానే పెరట్లో నా చేత్తో పగలగొట్టాల. చప్పుడు సరిగ్గా రాకపోతే పెంకుల్ని మళ్లీ కొట్టమనేవాడు. తర్వాత ఇత్తడి కట్టు తీసుకపోయి చేతిలో పెట్టాల. తొమ్మిది వారాలు చేసినాను. ముప్పై ఆరేళ్లు తుడిచిన చేత్తో."

"నాతో ఎందుకు చెప్పలేదు?" అంది అబిగయీలు.

"నీతో ఫోన్లో దీపాలన్నీ నీకేనని చెప్తా ఉండేవాడు. పక్కనే నిలబడి వినేదాన్ని. ఫోను పెట్టేసి నవ్వేవాడమ్మా."

"అబద్ధం."

"పదోది మా అవ్వ దీపం అన్నాడు. కావాలనే దాన్ని పదో వారందాకా ఉంచినాడు. ప్రతివారం ఇంకెన్ని వారాలు ఉండాయో నాతోనే చెప్పించేవాడు."

చంద్రమౌళి అడిగాడు. "ఆయనకు వేళ్లు తెలియవు. నకలును వెలిగించి, ఆదివారం దాన్నే పగలగొట్టి ఉంటే సరిపోయేది. మీ అవ్వ దీపం మిగిలేది. మనిషిని చంపనక్కరలేదు."

"ఆ ఆలోచనతోనే సామాన్ల గదినుంచి తెచ్చినాను." ఆమె మొదటిసారి తలెత్తి ఆయన్ను చూసింది. "సరిపోయేది, నిజమే. దీపం మిగిలేది. ఆయన కూడా మిగిలేవాడు గదా."

వినీల కలం ఆగిపోయింది.

"మీరు పెరట్లో లేరు," అన్నాడు చంద్రమౌళి.

"లేను. ఈ గుమ్మంలోనే నిలబడినాను. మంట లేవగానే గంటకోసం బల్లంతా తడిమినాడు. నన్ను పేరు పెట్టి పిలిచినాడు. పెళ్లయినాక పేరుతో పిలవడం అదే మొదటిసారి. నేను పలకలేదు. ఎవరో ఉన్నారని ఆయనకు తెలిసింది. ఇటే తిరిగినాడు."

సుశీల్ కుమార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. చంద్రమౌళి సెల్‌ఫోను తీసి ఎస్సైతో రెండు మాటలు మాట్లాడాడు. తన పని ముగిసిందన్నట్టు టార్చిని జేబులో పెట్టుకున్నాడు. వినీల ఆయన మొహంలోకి చూసింది. అక్కడ ఏమైనా కనిపిస్తుందనుకుంది. లెక్క సరిపోయినవాడి నిమ్మళం తప్ప ఏమీ లేదు. ఆమెకు మొదటిసారి ఆయన పక్కన నిలబడటం కష్టమనిపించింది. బియ్యంలో పెట్టిన తన చెయ్యి కూడా గుర్తొచ్చి, దాన్ని వెనక్కు దాచుకుంది.

ఆ క్షణంలోనే అబిగయీలు బల్ల దగ్గరికి వచ్చింది. చుక్కల దీపాన్ని రెండు చేతులా ఎత్తింది.

"వద్దు, అది సాక్ష్యం," అన్నాడు చంద్రమౌళి.

"దీనికోసమేనా?" అంది ఆమె తల్లితో. "దీనికోసమేనా అమ్మా, గుమ్మంలో నిలబడి చూసినావు?"

భర్త కాలిపోయిన సంగతి కన్నీటిచుక్క లేకుండా చెప్పిన మనిషి గోడ పట్టుకుని లేచింది. "అమ్మా, ఇటియ్యి. మా అవ్వది. నీకు దణ్ణం పెడతాను, ఇటియ్యి తల్లీ."

అబిగయీలు దాన్ని తలదాకా ఎత్తి, తల్లి కాళ్ల ముందు నేలకేసి కొట్టింది.

కరుణాకుమారి అరుపుకు వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు. ఆమె కూలబడి, పెంకుల్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. వినీల ముందుకు కదిలితే చంద్రమౌళి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆ చెయ్యిని తోసేసి వెళ్లి ఆ ముసలామె పక్కన కూర్చుంది. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

బయట జీపు ఆగింది. తల్లి తలెత్తి, చెప్పుల్లేకుండా నిలబడి ఉన్న కూతురి పాదాలను చూసింది.

"కదలబాకమ్మా," అంది. "కాళ్లకు గుచ్చుకుంటాయి."

అబిగయీలు పెంకుల మీదుగానే నడిచి వీధిలోకి వెళ్లిపోయింది.